పది గంటల రిపోర్టు

గద్వాలలో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచి ఆఫీసు ఉంది. అందులో రోజా ఎనిమిదేళ్లుగా కంప్యూటర్ ఆపరేటరు. అమ్మ జమ్ములమ్మ, నాన్న ఇస్రాయేలు చాలాకాలం పుణెలో బిల్డింగుల పనికి పోయేవాళ్లు. రోజా హాస్టళ్లలో ఉండి డిగ్రీ దాకా చదివింది. ఉద్యోగం రాగానే ఇద్దరినీ తిరిగి పిలిపించుకుంది. ఇప్పుడు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

విత్తనం కోసం వేసే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ మొదలైతే ఆగేది ఉండదు. ఒక పువ్వు పుప్పొడి తెచ్చి ఇంకో పువ్వుకు చేత్తో అద్దాలి, రోజూ అద్దాలి. నిన్న ఏ ఊర్లో ఎన్నెకరాలు అయింది, ఎంతమంది వచ్చారు అనే లెక్క పొద్దున పది గంటలకల్లా హైదరాబాదు హెడ్డాఫీసులో పదకొండు మందికి మెయిల్ పోవాలి. తొమ్మిది నుంచి రోజా ఆరుగురు సూపర్‌వైజర్లకు ఫోన్లు చేసి, రాసుకుని, టైపు కొట్టి పంపేది. ఆదివారమైనా సరే.

ఆ ఆదివారమే ఆమె బాధ. రోజా గొంతు బాగుంటుంది, చర్చిలో పాటల బృందంలో ముందు వరుస ఆమెది. కానీ సీజన్ మూడు నెలలూ ఆ చోటు ఖాళీగానే ఉండేది.

"ఈసారి కోత పండుగకు నువ్వు లేకుంటే ఎట్ల రోజా? పై గొంతు ఎవరు అందుకుంటరు?" అన్నాడు పాటలు నేర్పే పాల్.

"వస్తనన్నా, ఏదో ఒకటి చేస్త," అనేసింది రోజా. ఏం చేయాలో అప్పటికి ఆమెకే తెలియదు.

మెయిల్ దానంతట అదే పోయేట్టు పెట్టొచ్చని ఎక్కడో విన్నది. అన్నం తినే గంటలో వీడియోలు పెట్టుకుని నేర్చుకుంది. సూపర్‌వైజర్లు తమ ఫోన్లలోనే ఒక షీటులో లెక్క నింపుతారు. పది కొట్టగానే షీటు పట్టికగా మారి పదకొండు మందికీ వెళ్తుంది. ఇరవై రోజులు పట్టింది. ఒకసారి ఒకే మెయిల్ నలభైసార్లు తనకే వచ్చి పడింది.

బ్రాంచి మేనేజరు నరేందర్ చూసి నవ్వాడు. "అంతా మిషినే పంపితే మరి నువ్వేం చేస్తవమ్మా?"

అతను మాటవరసకే అన్నాడు గానీ ఉద్యోగం పోతుందేమోనని రోజాకు భయం పట్టుకుంది. అయినా చేసింది చెరిపేయబుద్ధి కాలేదు.

మొదటి ఆదివారం ఫోన్ సైలెంటులో పెట్టి, బ్యాగులో పడేసి, కడుపునిండా పాడింది. ఆరాధన అయిపోయి బయటికొచ్చి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్. అన్నీ హైదరాబాదు పెద్దసారువి. వెంటనే తిరిగి ఫోన్ చేసింది.

"మల్దకల్ దిక్కు నిన్నంతా వానే కదమ్మా, అరవై ఎకరాల క్రాసింగ్ ఎట్లా అయింది?" అన్నాడాయన.

రోజా అక్కడే షీటు తీసి చూసింది. మల్దకల్ సూపర్‌వైజరు బాలరాజు ఏమీ నింపలేదు; అతని ఫోన్ బురదలో పడిందని తర్వాత తెలిసింది. పాత లెక్కే మళ్లీ పోయింది.

"తప్పు నాదే సార్. కొత్తది రాకుంటే ఆగాలె అని నేను పెట్టలేదు. గంటల సరిచేసి పంపిస్త."

"సరే, చెయ్యి," అన్నాడాయన. "ఇంకోటి. ఇంతకుముందు రిపోర్టు కింద నువ్వు రెండు లైన్లు రాసేదానివి. ఎక్కడ మబ్బు పట్టింది, ఎక్కడ కూలీలు దొరకలేదు అని. నేను ముందు అదే చదివేవాణ్ని. ఇప్పుడది లేదు."

ఎనిమిదేళ్లలో ఆ లైన్లు ఎవరైనా చదువుతున్నారని రోజాకు తెలియదు. చర్చి మెట్ల మీద నిలబడే నవ్వుకుంది.

సోమవారం కూర్చుని రెండూ సరిచేసింది. తేదీ పాతదైతే ఆ ఊరి ఎదురుగా 'ఇంకా రాలేదు' అని పడుతుంది, సూపర్‌వైజరుకూ ఆమెకూ కబురొస్తుంది. చివర ఒక గడి కలిపి, అందులో ఎవరి మాట వాళ్లే రాయాలంది.

"నాకు రాసుడు రాదు చెల్లె," అన్నాడు బాలరాజు.

"ఫోన్ల మాట్లాడన్నా, అదే రాసుకుంటది. నువ్వు నాతో ఎట్ల చెప్తవో గట్లనే చెప్పు."

మర్నాడు అతని గడిలో ఇలా ఉంది: 'పొద్దుగాల చినుకులు. ఆడోళ్లు చెట్ల కింద నిలబడ్డరు. రెండింటికి ఎండ కొట్టింది, మల్ల మొదలుపెట్టినం.'

కోత పండుగకు ఆమె పాడింది. జమ్ములమ్మ ముందు వరుసలో కూర్చుని పక్కవాళ్లకు 'మా బిడ్డే' అని చెప్పుకుంది.

నరేందర్ ఆమె ఉద్యోగం తీసేయలేదు సరికదా, వారానికి రెండు రోజులు చేలకు పంపడం మొదలుపెట్టాడు, లెక్కలు నిజమో కాదో చూసి రమ్మని. చలికాలం రాగానే వనపర్తి బ్రాంచికి పోయి అక్కడ వేరుశెనగ రిపోర్టు కూడా అలాగే పెట్టి రమ్మన్నాడు. రోజా పొద్దున్నే బస్సెక్కింది.

అక్కడి ఆపరేటరు సుమన కొత్తగా చేరిన పిల్ల, మొదట బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. "అక్కా, తప్పు పోతే ఏం చేయాలె?"

"ఫోన్ చేసి, తప్పు పోయిందని చెప్పాలె. గంతే. నేను చెప్పిన, ఎవరూ ఏమనలే."

ఇద్దరూ కలిసి మధ్యాహ్నం దాకా షీటు తయారు చేశారు. పరీక్షకని సరిగ్గా రెండు గంటలకు సుమనకే మెయిల్ పోయేట్టు పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండు అయింది, సుమన ఫోన్ టింగుమంది.

"అక్కా, వచ్చింది!" అని సుమన కుర్చీలోంచి లేచింది.

"రానీ. నాకైతే ఆకలైతుంది, పద," అంటూ రోజా టిఫిన్ డబ్బా అందుకుంది.