పిన్నికి తొంభై దాటాలి

మా పిన్నికి ఎప్పుడూ తొంభై దాటి ఉండాలి. వయసు కాదు, సెల్‌ఫోన్లో ఛార్జింగు. ఎనభై తొమ్మిది కనిపించిందా, ఎవరింట్లో ఉన్నా, ఎవరితో మాట్లాడుతున్నా, ఆవిడ చూపు గోడల కిందికి జారిపోతుంది. ప్లగ్ పాయింటు దొరికేదాకా మనం చెప్పేదేదీ ఆవిడ చెవికెక్కదు.

అలాంటి మనిషిని నేనూ మా ఆవిడా విదేశయాత్రకు తీసుకెళ్ళాం. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టడం తప్ప, బాబాయి పోయాక పిన్ని గడప దాటింది లేదు. కాస్త లోకం చూపిద్దామని మా ఆశ. బయల్దేరేముందు పెట్టె ఎత్తబోతే నా నడుం పట్టేసింది. తెరిచి చూస్తే బట్టలు అడుగున ఎక్కడో ఉన్నాయి. పైనంతా వైర్లు.

"ఇన్ని అడాప్టర్లెందుకు పిన్నీ?"

"ఏ దేశం గోడకి ఎలాంటి కన్నాలుంటాయో ఎవరికి తెలుసురా? గుండ్రంగా ఉంటాయో, పలకలుగా ఉంటాయో, వంకరగా ఉంటాయో! మన జాగ్రత్తలో మనం ఉండాలి."

పవర్‌బ్యాంకులు పెట్టెలో పెట్టకూడదని నేనే వాటిని చేతిసంచిలోకి మార్పించాను. విమానాశ్రయంలో పిన్ని వాటిని ఒక్కొక్కటే తీసి పేరుస్తుంటే తనిఖీ చేసే అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

"మీకేమైనా కొట్టుందా అండీ?"

"ఉందమ్మా. జాకెట్లు బాగా కుడతాను," అంది పిన్ని గర్వంగా.

హోటల్లో ఇంకో చిక్కు. తలుపు తెరిచే కార్డునే గోడకున్న పెట్టెలో దూరిస్తే గదికి కరెంటు వస్తుంది. కార్డు తీసుకుని బయటికెళ్తే అన్నీ ఆరిపోతాయి. "అయితే మనం ఊరు తిరిగొచ్చేదాకా నా పవర్‌బ్యాంకులు పస్తుండాలా?" అని పిన్ని సంచి గాలించి తన లైబ్రరీ కార్డు తీసి అందులో దూర్చింది. కరెంటు వచ్చేసింది! ఆ లైబ్రరీ నుంచి ఆవిడ ఒక్క పుస్తకమైనా తెచ్చుకున్నట్టు నాకు తెలీదు గానీ, ఆ కార్డు జన్మ మాత్రం ఆ రోజు ధన్యమైంది.

ఇంతా చేసి, ఆవిడ ఆ ఫోన్‌ని వాడదు. దారి చూడమంటే "మ్యాపు ఛార్జింగు తాగేస్తుంది" అంటుంది. ఫొటో తియ్యమంటే "మీ ఫోన్‌తో తీస్తా, ఇటివ్వండి" అంటుంది. మేపడమే తప్ప పాలు పితకడం లేదు.

మ్యూజియంలో పిన్ని ఉన్నట్టుండి మాయమైంది. అంతలోనే పక్క హాల్లో ఒక రాజుగారి విగ్రహం మీద దీపం ఆరిపోయింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే, రాజుగారి వెనక పిన్ని నేలమీద చతికిలబడి ఉంది. దీపం ప్లగ్గు ఒళ్ళో, ఆవిడ ఛార్జరు గోడకి. ఎదురుగా కాపలా ఆయన, నడుం మీద చేతులేసుకుని. మా ఆవిడ గబగబా తన ఫోన్‌లో తర్జుమా చేసేది తెరిచి పిన్ని నోటిదగ్గర పెట్టింది.

"కోప్పడకు నాయనా. నా ఫోన్‌కి ఆకలేస్తోంది," అంది పిన్ని.

ఫోన్ ఏం విన్నదో, ఏం చెప్పిందో గానీ, కాపలా ఆయన మొహం మెత్తబడింది. లోపలికెళ్ళి తన డబ్బాలోంచి సగం రొట్టె తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. ఆవిడ వద్దనలేదు. ఆవిడ రొట్టె తినడం, ఫోన్ తొంభై దాటడం ఒకేసారి అయ్యాయి. రాజుగారికి మళ్ళీ వెలుగొచ్చింది.

"పిన్నీ, ఇంతకీ నీకు ఫోన్ చేసేదెవరు? వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా మోగిందా?" అని విసుక్కున్నాను.

"మోగకపోతే మంచిదే కదరా," అంది.

మర్నాడు కొండమీది సరస్సు చూడ్డానికి బస్సులో వెళ్తుండగా మోగింది. పిన్ని మొదటి మోతకే ఎత్తింది.

"చెప్పమ్మా... ఎప్పట్నుంచి?... భయపడకు, నేనున్నా. పక్కింటావిడ వచ్చిందా? బండి వచ్చిందా? ఎక్కు, మెల్లిగా ఎక్కు. ఫోన్ పెట్టెయ్యకు."

ఫోన్‌కి చెయ్యడ్డం పెట్టి మాతో గుసగుసగా అంది: "మా మేడమీద అద్దెకుండే పిల్ల. నొప్పులు మొదలయ్యాయి. మొగుడు ఓడలో పనిచేస్తాడు, అమ్మా నాన్నా లేరు. నొప్పులొస్తే నా గొంతు వినపడాలంది. మాటిచ్చాను."

"మాకు చెప్పలేదేం అత్తయ్యా?" అంది మా ఆవిడ.

"చెబితే మీరు ప్రయాణం మానేసేవాళ్ళు. నేను మానేస్తే ఆ పిల్ల నాతో మాటలు మానేస్తానంది. డాక్టరమ్మ ఇంకా టైముందంది. కడుపులో ఉన్నవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పారు?"

తర్వాత ఆవిడ మమ్మల్ని మర్చిపోయింది. ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పింది. రాజుగారి సంగతీ, రొట్టె సంగతీ అభినయించి మరీ చెప్పింది. అవతల మూలుగుల మధ్య నవ్వు వినపడింది. ఇవతల కొండదారిలో సిగ్నలు వెతుక్కుంటూ ఆ పాత ఫోను ఛార్జింగు గటగటా తాగేస్తోంది. అరవై... నలభై... పవర్‌బ్యాంకులేమో హోటల్లో! బరువెందుకని మా ఆవిడ పోరితే పిన్ని వాటిని గదిలోనే వదిలేసింది. పెట్టేసి నా ఫోన్‌తో చేద్దామంటే, ఆ కొండల్లో మళ్ళీ కలుస్తుందో లేదోనని పిన్ని తలడ్డంగా ఊపింది.

ఇప్పుడు సీట్ల కింద పాకుతున్నది నేను. "ప్లగ్గు, ప్లగ్గు" అని గొణుక్కుంటూ ఎవరెవరి బూట్లో ఎత్తి చూశాను. ఒకాయన జాలిపడి తన పవర్‌బ్యాంకు ఇచ్చాడు గానీ, దాని వైరు మూతి పిన్ని ఫోన్‌కి పట్టలేదు. మా ఆవిడ తర్జుమా చేసి సంగతి అందరికీ చూపించింది. డ్రైవరు పాట కట్టేశాడు.

కాన్పుగదిలోకి ఫోన్ వద్దన్నారు. పక్కింటావిడ దాన్ని తలుపు దగ్గర పట్టుకుని నిలబడింది. పిన్ని ఇవతల స్పీకరు పెట్టింది. పదిహేను... తొమ్మిది... పిన్ని ఒక్కసారి కూడా ఆ అంకె వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది.

సన్నగా, కోపంగా ఒక ఏడుపు. వెంటనే పక్కింటావిడ అరుపు: "ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం!"

ఏ భాషలోనైనా ఆ ఏడుపు ఒకటే. తర్జుమా అక్కర్లేకుండానే బస్సంతా చప్పట్లు కొట్టింది. బూటు ఎత్తినందుకు నన్ను ఉరిమి చూసినాయన నన్ను కావలించుకున్నాడు. ఆ గోలలో పిన్ని ఫోన్ చప్పుడు లేకుండా ఆరిపోయింది.

"అయ్యో, పిన్నీ, ఆగిపోయింది!" అన్నాను కంగారుగా.

"పడుకోనీరా దాన్ని. పాపం, అలిసిపోయింది."

ఫోన్‌ని సంచిలో వేసి, కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి బయటికి చూసింది. కొండల మధ్య నీలంగా, ఎంత దూరమైనా అయిపోకుండా, నీళ్ళు.

"ఒరేయ్! ఇంత పెద్ద సరస్సు పక్కన పెట్టుకుని, నాకు చూపించవేమిట్రా?" అంది పిన్ని.