మూడు మొక్కులు, ఒక చాయ్

మా ఆయనకు పల్లీలు పడవు. ఈ చిన్న మాటను మా దిక్కున నలుగురికి అర్థమయ్యేటట్టు చెప్పడం ఎంత కష్టమో చెప్పి చూసినవాళ్ళకే తెలుసు. నల్లగొండ నుంచి పాలమూరు దాకా పల్లి లేని వంటిల్లు ఉండదు. చట్నీలో పల్లి, వంకాయలో పల్లి, కారప్పొడిలో పల్లి, ఏమీ తోచకపోతే గుప్పెడు వేయించుకొని ఉత్త పల్లి. అలర్జీ అని చెబితే "అయ్యో, గింతంత ఏస్తె ఏమైతది?" అంటారు. ఏమవుతుందో నేను చూశాను.

హుజూర్‌నగర్‌లో చుట్టాల పెళ్ళి. "ఫికర్ చెయ్యకు బావా, ఇది కొబ్బరి చట్నీనే" అని వడ్డించారు. కొబ్బరి ఉన్నమాట నిజమే. అరగంటలో ఆయన పెదాలు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. దవాఖానలో డాక్టరు ఇంజక్షన్ ఇచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే తను చేసేది ఏమీ ఉండేది కాదన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు మా ఆయన బయట ఒక్క ముద్ద ముట్టలేదు. పెళ్ళిళ్ళకు డబ్బా కట్టించుకొని వచ్చేవాడు. "అల్లునికి మన కూడు ఆనదు" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. నేను వాళ్ళమీద పోట్లాటకు పోయేదాన్ని. ఆయన మాత్రం గోడవైపు తిరిగి డబ్బా మూత తీసుకునేవాడు. చివరికి ఇంట్లో కూడా, నా చేతి వంటైనా సరే, ప్రతి ముక్కా విప్పి చూసి, వాసన చూసి, అప్పుడు నోట్లో పెట్టుకోవడం అలవాటైంది. పరాయివాళ్ళ చేతి అన్నం ఒక్కపూట భయం లేకుండా ఆయన తింటే చూడాలని, అంతకన్నా పెద్ద కోరిక నాకు లేదు.

మా బడిలో ఉర్దూ చెప్పే మేడంకు కోడిగుడ్డు పడదు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు. పుట్టినరోజు కేకు ఎవరు తెచ్చినా ఆమె స్టాఫ్‌రూం కిటికీ దగ్గరికి పోయి వర్షం చూస్తుంది, ఎండాకాలమైనా సరే. నాకు వంకాయ తింటే గొంతు దురద. ముగ్గురం మూడు తీర్లు. మేడం వాళ్ళాయన ఒక్కడికే అన్నీ పడతాయి. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఆయనది. మేమందరం వద్దన్నవన్నీ ఆయన కంచంలోకే పోతాయి కాబట్టి మనిషి కొంచెం బొద్దుగా ఉంటాడు.

ఒక దసరా సెలవులప్పుడు, నలుగురం కలిసి శనివారం, ఆదివారం ఎక్కడికైనా పోయి ఊరికే ఉండి వద్దామనుకున్నాం. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. దానికి "తినరానివి" అని పేరు. నేను లెక్కల టీచర్ని, గళ్ళ కాయితం మీద పట్టిక గీశాను: ఎవరికి ఏది పడదు, అది ఏయే వంటల్లో దాక్కొని ఉంటుంది, మందుల సంచి ఎవరి దగ్గర ఉంటుంది. మా ఊరి పక్కనే ఉన్న పానగల్ గుళ్ళకు పోదామని మేడం అంది. పొద్దున నడకకు పోయే చోటు సెలవు ఎట్లా అవుతుందని నేను కొట్టేశాను. దేవరకొండ ఖాయమైంది. చల్లపూట ఖిల్లా ఎక్కొచ్చు, మధ్యాహ్నం పడుకోవచ్చు, తొందరపెట్టేవాళ్ళు ఉండరు.

తిండి సంగతే తేలలేదు. అక్కడి టిఫిన్ సెంటరుకు ఫోన్ చేసి పల్లీలు లేని చట్నీ చేస్తారా అని అడిగాను. అవతలి మనిషి కాసేపు ఆలోచించి, "గట్లయితె ఇడ్లీల నీళ్ళు పోసుకుంటరా మేడం?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

అప్పుడు మేడం వాళ్ళాయన ఒక అవ్వ సంగతి చెప్పాడు. దేవరకొండలో పైన రెండు రూములు కిరాయికి ఇస్తుంది, కింద తనే వండి పెడుతుంది. ఆమె మిక్సీ బాగుచేయడానికి రెండుసార్లు పోయివచ్చాడట.

"చెయ్యి మంచిది అక్కా. కానీ గా మిక్సీ నాకు తెలుసు. ఎంత కడిగినా బ్లేడు కింద పల్లిపొడి ఉంటది. ఏ ఇంటి మిక్సీ ఇప్పినా గంతే."

మా ఆయన లేచిపోయి డబ్బా ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు విని మేడం గొంతు తగ్గించింది.

"అలర్జీ అంటె నవ్వుతరు అక్కా. మొక్కు అని చెప్పు, చేతులు జోడిస్తరు. ఒక్క గింజ తగలనియ్యరు. నేను గూడ దర్గాల మన్నత్ మొక్కిన, గుడ్డు ముట్ట అని చెప్త."

నాకు నచ్చింది. నిజం చెబితే పట్టించుకోని జనానికి అబద్ధమే మందు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆరోజు మాత్రం నాకంత తెలివి ఉన్నదని మురిసిపోయాను.

శనివారం పొద్దున బయలుదేరాం. కొత్త పల్లికాయ ఇంటికొచ్చే కాలం. దారి పొడుగునా రోడ్డు మీద పల్లికాయ ఆరబోసి ఉంది. మా ఆయన కారు అద్దాలన్నీ ఎత్తించి, ఆరుతున్న కాయలను పాములను చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. పట్టికలో ఏ పంట ఏ నెలలో ఇంటికొస్తుందో రాసుకోవడం మరిచిపోయాను.

అవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది. మనిషి సన్నగా, మాట గట్టిగా ఉంది. నేను గడపలోనే మొక్కు సంగతి ఎత్తుకున్నాను. మా ఆయన పల్లీలు విడిచాడు, నేను వంకాయ విడిచాను, నర్సన్న దేవునికి మొక్కుకున్నాం అన్నాను. మేడం తన మన్నత్ చెప్పింది. అవ్వ కళ్ళు పెద్దవి చేసి ముగ్గురికీ దండం పెట్టింది. తర్వాత నాలుగో మనిషి వైపు తిరిగింది.

"నువ్వేం ఇడువలే కొడుకా?"

ఆయన బొద్దు ముఖం వాడిపోయింది. ముగ్గురు భక్తుల మధ్య తనొక్కడే పాపిగా నిలబడలేక, "చాయ్ ఇడిసిన అవ్వా" అన్నాడు. రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగే మనిషి! మేడం దుపట్టా నోటికి అడ్డం పెట్టుకొని మెట్లెక్కింది.

"ఎన్నాళ్ళు బిడ్డా మొక్కు?" అని అవ్వ నన్నడిగింది.

అబద్ధం ఎంత చిన్నదైతే పాపం అంత తక్కువని లెక్క వేశాను. "రేపు పొద్దుగాలటితోటి ఒడుస్తది అవ్వా" అన్నాను. ఆదివారం మేము వెళ్ళిపోయే రోజే కదా, మొక్కు కూడా మాతోపాటే సర్దుకుంటుంది అనుకున్నాను.

వెంటనే అవ్వ మిక్సీని అటక ఎక్కించింది. రోలును పసుపునీళ్ళతో ఒకసారి, వేడినీళ్ళతో రెండుసార్లు కడిగింది. పల్లీల డబ్బా, పల్లీలు వేయించే మూకుడు పక్కింటికి పంపింది. కొత్త నూనె పొట్లం తెప్పించింది. "మా ముసలాయన గూడ రేపటిదాంక పల్లి ముట్టడు" అని ప్రకటించింది. అరుగు మీద కూర్చొని పల్లికాయ ఒలుచుకుంటున్న తాత, చేతిలో గింజలను ఒకసారి చూసుకొని, నిట్టూర్చి, బుట్టలో వేశాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పాలకూర పప్పు, రోట్లో నూరిన టమాట తొక్కు. మా ఆయన మొదట రొట్టెను విప్పి చూశాడు. వాసన చూశాడు. కడిగిన రోలు వైపు చూశాడు. ఒక ముక్క తిన్నాడు. ఐదు నిమిషాలు ఆగాడు. మేమందరం ఆయన పెదాల వైపే చూస్తున్నాం. తర్వాత కంచం ముందుకు జరిపి, "అవ్వా, ఇంకొంచెం పప్పు" అన్నాడు. ఆరేళ్ళలో బయట ఆయన మారు అడగడం అదే మొదలు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తొక్కు కారమని చెప్పాను.

సాయంత్రం ఖిల్లా ఎక్కాం. నిజానికి ముగ్గురమే ఎక్కాం. చాయ్ లేక తలనొప్పి పట్టి వాళ్ళాయన సగం దారిలో బండ మీద కూర్చుండిపోయాడు. కింద బజారులో ఎక్కడైనా తాగొచ్చు కదా అంటే, "దేవరకొండంత అవ్వకు తెల్సినోళ్ళే అక్కా" అని ఏడుపుముఖం పెట్టాడు. మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు విని నా అబద్ధాన్ని నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున నన్ను వాసన లేపింది. పల్లీలు వేగుతున్న వాసన.

ఉరుక్కుంటూ కిందికి దిగాను. వంటింట్లో అవ్వ, పక్కింటామె కలిసి పండుగ చేస్తున్నారు. గుత్తివంకాయ, దాని పొట్టనిండా పల్లిముద్ద. గిన్నె నిండా పల్లి చట్నీ. ఉడికించిన కోడిగుడ్లు నాలుగు. పళ్ళెంలో అప్పుడే కోసిన బెల్లం పల్లిపట్టి. పొయ్యి మీద పెద్ద గిన్నెలో చాయ్.

"మొక్కు ఒడిసిన పొద్దు ఇడిసిన వస్తువునే ముందుగాల నోట్లె పెట్టాలె బిడ్డా. లేకుంటె మొక్కు దేవునికి ముట్టదు. మా దిక్కు గంతే. పల్లీలు కొత్తయి, నేను గూడ రాత్రి పుట్నాలే నమిలిన" అంది అవ్వ.

ఏదో ఒకటి చెప్పాలి. ఇంకో వారం పొడిగించామనాలా? నర్సన్న కలలోకి వచ్చాడనాలా? నేను రెండో అబద్ధం కుట్టుకునే లోపల మా ఆయన మొహం కడుక్కొని వచ్చి, నిన్నటి ధైర్యంతో పీటమీద కూర్చున్నాడు. అవ్వ పల్లిపట్టి ముక్క తీసుకొని, తల్లి పెట్టినట్టు నేరుగా ఆయన నోటి దగ్గరికి తెచ్చింది. ఆయన పెదాలు బిగించాడు. నా వైపు చూశాడు. ఎప్పుడూ ఆయన బదులు నేనే మాట్లాడతాను, పోట్లాడతాను. ఆ నిమిషం నా నోరు పెగల్లేదు.

ఆయన అవ్వ మణికట్టు పట్టుకొని మెల్లగా కిందికి దించాడు.

"అవ్వా, మొక్కు లేదు, ఏం లేదు. నేను పల్లి తింటె సస్త."

మేడం తన గుడ్డు సంగతి, నేను నా వంకాయ సంగతి వరుసగా ఒప్పుకున్నాం. అవ్వ ముక్కను పళ్ళెంలో పడేసింది. ముందు వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. తర్వాత ఆయన చేయి కడిగించింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"గీ మాట నిన్న చెప్తే ఏమైతుండె?"

"నమ్మవనుకున్న అవ్వా. ఎవ్వరు నమ్మలే ఇంతదాంక. నవ్విన్రు."

"లెక్కలు చెప్పే పంతులమ్మవు గద. దేవుని కోసం రోలు కడిగిన. మనిషి పానం కోసం కడగననుకున్నవా?"

తల వంచుకున్నాను. ఆరేళ్ళుగా లోకం మీద పెంచుకున్న కోపం నన్ను ఇంత దూరం తెచ్చిందని అప్పుడు తెలిసింది. నవ్వినవాళ్ళ మీది కోపంతో, అడగకుండానే అవ్వను వాళ్ళలో కలిపేశాను.

అవ్వ పండుగంతా ఎత్తి పక్కింటికి పంపింది. వంటిల్లు కడిగింది. ఈసారి పసుపునీళ్ళు లేవు, కడగడం మాత్రం నిన్నటికన్నా ఎక్కువే. వేరే పెనం తెప్పించి మళ్ళీ రొట్టె పిండి కలిపింది. "వచ్చి చూసుకో కొడుకా, ఏమేస్తున్ననో. నాకేం కోపం లేదు" అని వంటింట్లోకి పిలిచింది.

అరుగు మీద తాత మళ్ళీ పల్లికాయ ఒలవబోయి, మా ఆయనను చూసి, బుట్ట తీసుకొని వాకిలి దాటి అవతలికి పోయి కూర్చున్నాడు. మేడం వాళ్ళాయన మూడో గ్లాసు చాయ్ ఊదుకుంటూ, "నలుగుట్ల నా మొక్కు ఒక్కటే ముట్టిందవ్వా" అన్నాడు. అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

మా ఆయన వంటింట్లోకి పోలేదు. పీటను తిప్పుకొని, పొయ్యికి వీపు పెట్టి కూర్చున్నాడు. రొట్టె వచ్చింది. తుంచాడు, తొక్కులో అద్దాడు, నోట్లో పెట్టుకున్నాడు. విప్పి చూడలేదు.