బల్ల మీద రెండో రాయి

దయ్యాల మాట ఎత్తితే నవ్వి, మా అవ్వ చేత తిట్లు తిన్నవాణ్ణి నేను. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం మాత్ర వేయమనేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

పెద్దపల్లి దగ్గర ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో జెండా ఊపే పని నాది. అక్కడ కాలేజీ పిల్లలకు గ్లైడర్ నడపడం నేర్పుతారు. గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. ఒక చిన్న విమానం దాన్ని తాడుతో పైకి లాక్కెళ్లి వదిలేస్తుంది. దాన్ని మేం టో విమానం అంటాం. తర్వాత రెండూ వేరువేరుగా వచ్చి ఒకే రన్‌వే మీద దిగాలి. టో విమానం పైలట్‌కు తన ముక్కు కింద ఏముందో కనబడదు. గ్లైడర్‌లో ఉన్నవాళ్లకు వెనక, పైన ఏముందో కనబడదు. చూడాల్సింది కింద నిలబడ్డ మనిషే.

నాకీ పని నేర్పింది రాజలింగం తాత. సిరిసిల్లలో పవర్‌లూమ్‌లు నడిపి నడిపి, దమ్ము పట్టి, ఆయాసానికి ఆ పని మానేసి ఇక్కడ చేరాడు. ఏది పైకి లేచినా షెడ్డు ముందున్న బల్ల మీద ఒక రాయి పెట్టేవాడు. దిగగానే తీసేవాడు. గ్లైడర్‌కు తెల్లరాయి, టో విమానానికి అంచు విరిగిన నల్లరాయి. "బల్ల జూసినంకనే జెండ లేపు బిడ్డా" అని రోజూ చెప్పేవాడు. నేను విసుక్కునేవాణ్ణి.

ఆయన పోయినప్పుడు అస్థికలు మంథని దగ్గర గోదావరిలో కలిపాం. ఆయన కోడలు ఆ నల్లరాయిని కూడా కలపమంది. నడుము లోతు నీళ్లలోకి దిగి నా చేత్తో నేనే విసిరాను. ఆమె కూతురు, తాత మనవరాలు సరిత ఒడ్డున నిలబడి చూసింది.

ఆ తర్వాత టో విమానానికి వేరే రాయి వెతకలేదు. అది ఎలాగూ గ్లైడర్ కన్నా ముందే దిగుతుంది కదా అని బద్ధకం. తప్పు నాదే.

మరుసటి ఏడాది సరిత అక్కడే నేర్చుకోవడానికి చేరింది. ఆమె మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు పొద్దున పదకొండు దాటింది, ఎండ ఫెళ్లున కాస్తోంది. తెల్లరాయి బల్ల మీద పెట్టి, షెడ్డు వెనక ముఖం కడుక్కుని వచ్చాను. అప్పటికే గ్లైడర్ దిగడానికి వస్తోంది. టో విమానం ఈపాటికి దిగి ఉంటుందనుకుని, దిగొచ్చని తెల్లజెండా ఎత్తాను. ఆ తర్వాతే బల్ల వైపు చూశాను.

రెండు రాళ్లున్నాయి. తెల్లదాని పక్కన అంచు విరిగిన నల్లది. దాని కింద బల్ల తడిసి ఉంది.

అది ఎక్కడిదన్న ఆలోచనే రాలేదు. టో విమానం ఇంకా పైనే ఉందన్నదొక్కటే తట్టింది. తలెత్తితే, సరిత గ్లైడర్‌కు సరిగ్గా పైన, తాడు వేలాడేసుకుని టో విమానం దిగుతోంది. నా తెల్లజెండాను ఇద్దరూ తమకే అనుకున్నారు. ఎర్రజెండా అందుకుని ఊపుతూ రన్‌వే పక్కన పరుగెత్తాను. ఇంజిన్ లేని గ్లైడర్ దిగక తప్పదు. టో విమానమే మళ్లీ పైకి లేవాలి. లేచింది. తాడు చివర గ్లైడర్ రెక్క మీదుగా జానెడు ఎడంతో పోయింది.

గద్దలు అడ్డొస్తే చుట్టు తిరిగి రావడంతో ఆలస్యమైందని టో విమానం పైలట్ తర్వాత చెప్పాడు.

ఎర్రజెండాతోనే బల్ల దగ్గరికి వచ్చాను. ఏమీ తెలియని సరిత నవ్వుకుంటూ వచ్చింది. రాయిని చూసి ఆగిపోయి, చేతిలోకి తీసుకుంది.

"గిది తాత రాయి గదన్నా. నువ్వు గోదాట్ల ఏసినవ్, నేను జూసిన."

"ఏసిన" అన్నాను.

"మరి గిదేంది?"

ఆమె అరచేతికి సన్నని తెల్ల ఇసుక అంటింది. మా ఎయిర్‌స్ట్రిప్ అంతా ఎర్రమట్టి.

పైన టో విమానం ఇంకా తిరుగుతోంది. సరిత ఆ రాయిని మళ్లీ బల్ల మీద పెట్టింది. ఇద్దరం తలెత్తి విమానాన్నే చూశాం. విమానం దిగి ఆగాక, కళ్లు తుడుచుకుని "దిగింది. ఇగ తియ్యన్నా" అంది.

నేను వేరే రాయి విసిరి దీన్ని దాచుకున్నానని సరిత వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది. నిజంగా అలా చేసి ఉంటే బాగుండేది, ఈ సంగతికో అర్థం ఉండేది. దాన్ని అక్కడ ఎవరు పెట్టారో నాకు తెలియదు. తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది, భయంతో మాత్రం కాదు. టో విమానం లేచిన ప్రతిసారీ ఆ నల్లరాయిని కళ్లకద్దుకుని నేనే పెడుతున్నాను. బల్ల చూశాకే జెండా ఎత్తుతున్నాను.