నాన్న చెక్కిన తుపాకీ

నా చిన్నప్పుడు మేం దుఖాన్‌లో ఉండేవాళ్ళం. ఖతర్ పడమటి ఒడ్డున, చమురు బావుల పక్కన కంపెనీ కట్టించిన ఇళ్ళ వరుసలో మాదొకటి. మా నాన్న ఆ కంపెనీలో వడ్రంగి. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చినవాడు. తలుపులు, కిటికీలు, ఆఫీసు బల్లలు బాగుచేయడం ఆయన డ్యూటీ. శుక్రవారం సెలవునాడు మాత్రం ఇంటి వెనక వసారాలో కూర్చుని తన మనసుకు నచ్చినది ఏదో ఒకటి చెక్కుకునేవాడు.

మా ఇంటికి తరచుగా ఒక ముసలాయన వచ్చేవాడు. ఆ దేశస్థుడే. వయసులో ఉన్నప్పుడు బావుల దగ్గర పనిచేసి, తర్వాత ఊరి అంచున మేకల మంద పెట్టుకున్నాడు. నాన్న ఆయన్ని 'బాబా' అనేవాడు. నేను 'జద్దీ' అనేదాన్ని, తాతా అని. ఆయన నన్ను 'బింతీ' అని పిలిచేవాడు, అంటే బిడ్డా అని. అరబ్బీ, హిందీ కలగలిపి ఆయన మాట్లాడే భాష బడిలో ఎక్కడా నేర్పరు గాని, నాకు పూర్తిగా అర్థమయ్యేది.

ఆయనకు వేటంటే ప్రాణం. లైసెన్సున్న తుపాకీ కూడా ఉంది. అయితే కుర్రతనంలో పని దగ్గర దెబ్బ తగిలి కుడి భుజం విరిగి, వంకరగా అతుక్కుంది. కొనుక్కొచ్చిన తుపాకీ ఏదీ ఆ భుజానికి కుదురుగా ఆనేది కాదు. పేల్చిన ప్రతిసారీ నొప్పితో పళ్ళు బిగబట్టేవాడట. ఒక శుక్రవారం మా వసారాలో టీ తాగుతూ ఆ బాధ చెప్పుకున్నాడు. ఇనుప భాగమంతా ఎట్లా ఉన్నదట్లా ఉంచి, భుజానికి ఆనించే కర్ర భాగం మాత్రం నీ కొలతకు నేను చెక్కి ఇస్తానని నాన్న మాటిచ్చేశాడు.

అమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. ముసలాయన వెళ్ళగానే వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"తుపాకులు చేసే కంపెనీది పగిలితే ఆ కంపెనీని అడుగుతరు. నువ్వు చేసింది పగిలితే నిన్నే అడుగుతరు. పరాయి దేశంల మనకెందుకయ్యా తుపాకీ పని?"

"కంపెనోడు అందరికీ ఒక్కటే కొలత పెడ్తడు. ఆయన భుజం అందరి భుజం లెక్క ఉన్నదా?" అన్నాడు నాన్న.

ఆ చలికాలమంతా మా వసారాలో అక్రోటు కర్ర వాసనే. పెషావర్ నుంచి వచ్చిన తోటి పనివాడొకడు ఎక్కడినుంచో ఆ దుంగ తెచ్చిచ్చాడు. ముసలాయన్ని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగోబెట్టి నాన్న కొలతలు తీసుకున్నాడు. గరుకు కాగితంతో రుద్దే పని నాది. చివర్న అవిసె నూనె రాస్తే కర్రలో నల్లటి గీతలు నీళ్ళలో కదులుతున్నట్టు కనిపించాయి. నాన్న దాన్ని అరచేత్తో నిమురుతూ అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

పరీక్షించడానికి ముసలాయన పికప్‌లో ముగ్గురం ఎడారిలోకి వెళ్ళాం. ఖాళీ పీపా ఒకటి దూరంగా నిలబెట్టి, నన్నూ నాన్ననూ బాగా వెనక్కి పంపాడు. తుపాకీ భుజానికి ఆనించుకుని ఒక్క క్షణం అలాగే ఉండి, మా వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. అంత హాయిగా ఆనింది. తర్వాత పేల్చాడు.

చేత్తో పట్టుకునే సన్నటి చోట కర్ర నిలువునా చీలిపోయింది. తుపాకీ వెనక్కి తన్నుకొచ్చి, పైన బిగించిన దుర్భిణి ఆయన కుడి కంటి మీద కొట్టింది. చప్పుడు ఆగాక చూస్తే ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు. తెల్లటి బట్టల మీద రక్తం ధారగా కారుతోంది.

నాన్న పరుగెత్తి వెళ్ళి, ఆయన ముందు ఇసుకలో కూలబడిపోయాడు. "చంపిన. చేతులార చంపిన," అని తల బాదుకుంటూ ఉండిపోయాడు. నేను గట్టిగా ఏడవసాగాను. కనుచూపు మేరలో ఇంకో మనిషి లేడు. ఆ ముసలాయనే తన తలగుడ్డ విప్పి, రెండు కళ్ళూ కలిపి గట్టిగా కట్టుకుని, చెయ్యి చాచాడు.

"యల్లా, లే. నువ్వే నడపాలి. బింతీ, నువ్వు నా పక్కన కూర్చో."

నాన్న స్టీరింగ్ పట్టుకున్నాడు. వచ్చేటప్పటి టైరు జాడలు వదిలేసి ఎటో తిప్పాడు. కాసేపట్లోనే బండి మెత్తటి చవుడు నేలలో దిగబడిపోయింది. చక్రాలు తిరిగేకొద్దీ ఇంకా లోపలికి పోతున్నాయి. నాన్న దిగి చేతులతో ఇసుక తవ్వుతున్నాడు. గోళ్ళు చీలి రక్తం వస్తున్నా తవ్వుతూనే ఉన్నాడు, ఏదో గొణుక్కుంటూ. తలగుడ్డ అప్పటికే ఎర్రగా తడిసిపోయింది. ఈయన ఇక్కడే చచ్చిపోతాడు, నాన్నను పట్టుకుపోతారు, అమ్మకు నేనేం చెప్పాలి అని తప్ప నాకింకేమీ తోచలేదు.

అప్పుడు ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. "నాకు కనబడటం లేదు బింతీ. ఏం కనబడుతోందో నువ్వు చెప్పు," అన్నాడు. ఇసుక అన్నాను. ఇంకా? ఒక ఒంటె. ఎటు చూస్తోంది? దాని మెడలో తాడుందా? దూరంగా గ్యాసు మండే గొట్టం మీద మంట కనబడుతోందా, ఏ వైపు? వెక్కుతూనే ఒక్కొక్కటీ చెప్పాను. చెప్పాలంటే చూడాలి, చూడాలంటే కళ్ళు తుడుచుకోవాలి. ఎప్పుడు ఏడుపు మానానో నాకే తెలియదు. నా గొంతు సర్దుకోగానే నాన్న గొణుగుడు కూడా ఆగింది. ముసలాయన చెప్పినట్టు టైర్లలో గాలి కొంత తీసి, బండిలోని గోనెపట్టాలు చక్రాల కింద పరిచి, నాన్న బండిని మెల్లగా బయటికి తీశాడు.

ఆ తర్వాత దారంతా అదే. "మంట ఏ వైపు?" అని ఆయన అడగడం, "ఎడమకు" అని నేను చెప్పడం. ఆయన మాట మెల్లమెల్లగా సన్నబడిపోయింది. ఒకచోట ఎంతసేపటికీ ఆయన అడగలేదు. భయంతో నేనే "జద్దీ, మంట ఇప్పుడు సూటిగా ముందుంది!" అని అరిచాను. "శాబాష్," అన్నాడు, వినబడీ వినబడనట్టు.

దుఖాన్ ఆసుపత్రిలో కట్టు కట్టి దోహా పంపించారు. ప్రాణం నిలిచింది గాని ఆ కన్ను దక్కలేదు. పోలీసులు నాన్నను పిలిచి జరిగింది అడిగారు. ముసలాయన మాట్లాడే స్థితికి వచ్చేదాకా ఊరు దాటొద్దన్నారు. ఆ రోజులు నరకం. నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. వసారాలో పగిలిన కర్రను ఒళ్ళో పెట్టుకుని, ఆ చీలిక ముందే ఎందుకు కనబడలేదా అని వేలితో తడుముతూ ఉండేవాడు. ఎప్పుడూ వచ్చే స్నేహితులు రావడం మానేశారు. అమ్మ ఒక పెట్టెలో మా బట్టలు సర్ది పెట్టింది. "ఊర్లెవ్వలకు ఖతర్ తెల్వదు. దుబాయ్ల తుపాకీ కేసుల ఇరికిండంటరు," అని ఒకసారి నా తల దువ్వుతూ ఏడ్చింది. కానీ 'నేను ముందే చెప్పలేదా' అన్న మాట మాత్రం నాన్నతో ఒక్కనాడూ అనలేదు.

చివరికి ఒక ఉదయం ముసలాయన కొడుకు మా గుమ్మం ముందు బండి ఆపాడు. ముఖం గంటు పెట్టుకుని, నాన్నను రమ్మన్నాడు. అమ్మ నన్ను కూడా వెంట పంపింది, పిల్ల ఉంటే కాస్త కనికరిస్తారని. ముసలాయన మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గదిలో, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాన్న పోయి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. ముసలాయన చప్పున కాళ్ళు వెనక్కి లాక్కుని, భుజాలు పట్టుకుని లేపాడు.

తుపాకీ నాది, చెక్కమన్నది నేను, పేల్చింది నేను అని ఆయన పోలీసులతో అప్పటికే చెప్పేశాడట. కొడుక్కు ఆ కోపమే. కొన్న తుపాకీ అయితే ఇట్లా జరిగేదా అని తండ్రిని నిలదీశాడు. ముసలాయన మిగిలిన ఒక్క కంటితో కొడుకును చూసి నవ్వాడు.

"కొన్నది కూడా ఏదో ఒకరోజు పగలొచ్చు. అప్పుడు దాన్ని చేసినవాడు వచ్చి నాకోసం గోళ్ళు ఊడేలా ఇసుక తవ్వుతాడా?"

నాన్న అప్పుడు ఏడ్చాడు. ఇంటి నుంచి దాచుకుని తెచ్చుకున్న ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. నేను మెల్లగా ముసలాయన పక్కకు చేరి, ఎన్నాళ్ళుగానో నన్ను తొలుస్తున్నది అడిగాను. నేను చెప్పకపోతే మనం దారి తప్పిపోయేవాళ్ళమా అని.

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "మంటను మీ నాన్న కూడా చూడగలడు కదా బింతీ! నువ్వు ఏడుస్తున్నంతసేపూ ఆయన గొణుగుడు ఆగలేదు. అందుకే నీకు పని చెప్పాను."

నాన్న మళ్ళీ ఉలి పట్టాడు గాని తుపాకీ మాత్రం ఇంకెప్పుడూ చెక్కలేదు. ముసలాయన బతిమాలినా చెక్కలేదు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. నేను పెళ్ళయ్యాక కూడా ఈ దేశంలోనే ఉండిపోయాను, ఇప్పుడు దోహాలోని అబూ హమూర్‌లో. కిందటి ఏడు మావారు భోజనం దగ్గర ఉన్నట్టుండి ఒరిగిపోయారు. అంబులెన్సుకు ఫోన్ చేసి మా కోడలు వెక్కివెక్కి ఏడుస్తోంది. నాకూ ఏడుపు పొంగుకొస్తోంది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "కిటికీ దగ్గర నిలబడమ్మా, రోడ్డు మీద ఏం కనబడుతోందో చెబుతూ ఉండు," అన్నాను. ఆ పిల్ల చెబుతూ ఉంది. స్కూలు బస్సు, నీళ్ళ ట్యాంకరు, తర్వాత ఎర్ర లైట్లు. ఆయన మాకు దక్కలేదు. కానీ ఆయన చివరిగా విన్నది మా ఏడుపు కాదు.