నాయన ట్రాక్టర్ల బేరం

మా నాయన పోయేనాటికి మా కొట్టంలో నాలుగు పాత ట్రాక్టర్లున్నాయి. ఎవరి చేను గట్టున తుప్పు పట్టి కనిపించినా కొనుక్కొచ్చేవాడు. వాటితో సేద్యం చేసింది లేదు. మా పత్తి చేను ఎప్పుడూ ఎడ్లతోనే దున్నాం. అందుకే అన్నకు ఆ కొట్టమంటే మంట. నాకు ఇష్టం. పెళ్లయి ఘుగ్గుస్ గని కాలనీకి వెళ్లేదాకా, బండ్లు విప్పి బాగుచేసేటప్పుడు నాయనకు పానాలు అందించింది నేనే.

అవి మా గడ్‌చాందూర్ వైపు కొత్త ట్రాక్టర్లు బాగా దిగుతున్న రోజులు. నాయన పోయిన రెండు నెలలకు అన్న కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి పాత ఇనుము వ్యాపారి ఒక్కో బండి మీదా సుద్దముక్కతో బరువు అంచనా రాస్తున్నాడు.

"అన్నిటికీ ఇనుము ధరనే," అన్నాడు.

"చివరిది నడుస్తది," అన్నాను. అది ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చిన ఒంటి సిలిండర్ బండి.

"సెల్ఫ్ లేదు, హ్యాండిల్ లేదు. ఎట్ల నడుస్తదక్కా?"

"దాని మాట ఇనకు, రాస్కో," అన్నాడు అన్న.

నేను వదినను అడిగి కిరోసిన్ తెప్పించాను. నాయన బర్నర్‌కు పంపు కొట్టి, బండి ముందున్న ఇనుప బుర్ర కింద పెట్టి, పావుగంట కాల్చాను. ఆ బుర్ర బాగా వేడెక్కితేనే ఇంజను అందుకుంటుంది. తర్వాత స్టీరింగును కడ్డీతో సహా ఊడదీసి, ఇంజను పక్కనున్న పెద్ద చక్రంలో గుచ్చి అటూ ఇటూ ఊపాను. మూడోసారికి డుబ్బు డుబ్బుమంటూ అందుకుంది. చప్పుడుకు చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వచ్చారు.

స్టీరింగును మళ్లీ దాని చోట పెట్టగానే అన్న ఎక్కి కూర్చుని గేరు వేశాడు. బండి వెనక్కి నడిచి పత్తికట్టెల దడిని పడగొట్టి ఆగింది.

"ఏందే ఇది! ముంగటికేస్తే ఎనుకకు పోయింది!"

"ఒక్కోసారి ఇంజనే ఉల్టా తిరుగుతదన్నా. నాయన గూడ ఇదే దడిని రెండుసార్లు పడగొట్టిండు."

అన్న సీటు మీదే పగలబడి నవ్వాడు. నాయన పోయాక అన్న నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నాకెప్పుడు చూపియ్యలే," అన్నాడు.

"నువ్వెప్పుడు అడుగలే."

వ్యాపారి ఆ బండి మీద రాసిన అంకెను అరచేత్తో తుడిచేశాడు. "దీన్ని కోస్తే నాకే మంచిగనిపియ్యది," అన్నాడు. మిగతా మూడూ ఇనుము కిందే తీసుకెళ్లాడు. అవి లారీ ఎక్కుతుంటే నేను ఇంట్లోకి వెళ్లిపోయాను.

ఎనిమిది రోజులకు, నేనింకా అక్కడే ఉండగా, ఆ వ్యాపారే వరోరా నుంచి పాత బండ్లంటే మోజున్న ఒక పెద్ద రైతును వెంటబెట్టుకొచ్చాడు. ధర అడిగితే అన్న నా వైపు చూశాడు. ఇనుము ధరకు మూడింతలు చెప్పాను. ఆ రైతు బేరమాడకుండా ఒప్పుకుని, బండి ఎలా అందుకుంటుందో నేర్పమన్నాడు. రెండుసార్లు చేసి చూపించి, మూడోసారి ఆయన చేతే చేయించాను.

తక్కువ చెప్పావని అన్న చాలా రోజులు అన్నాడు. నాకూ అదే అనుమానం.