ముప్పై తొమ్మిది ఎర్ర స్టిక్కర్లు

ఎవడి గొయ్యి వాడే తవ్వుకుంటాడంటారు. నేను తవ్వుకోవడమే కాదు, చుట్టూ హద్దురాళ్లు కూడా పాతించాను. వినండి. నవ్వొస్తే ఆపుకోవద్దు, మా ఆవిడ పదేళ్లుగా ఆపుకోవడం లేదు.

మా చెన్నయ్య బాబాయి నరసరావుపేట రోడ్డు పక్క చేను చదును చేసి నలభై ప్లాట్లు వేశాడు. ఆరు నెలల్లో వాటిని చూసిపోయినవి రెండు గేదెలు. బాబాయి నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఆదివారం లోపల ఒక్క ప్లాటన్నా అమ్మావా, ఈ ఉజ్జోగం నీది. లేదంటే వెనక చేలో పత్తి తీద్దువుగాని రా."

పత్తి చేలో ఎండంటే నాకు హడలు. ఇంగ్లీషంటే మహా ధీమా. వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టాను.

"బాబాయ్, 'ఫర్ సేల్' అని రాస్తే గీసిగీసి బేరమాడతారు. 'ఆన్ సేల్' అంటే చవక సరుకనుకుంటారు. అదే 'సోల్డ్' అన్నామా, ఎగబడతారు!"

"అమ్మకుండానే అమ్మామంటే ఎట్టరా?"

"దాన్నే మార్కెటింగ్ అంటారు బాబాయ్!"

ఆదివారం పొద్దున్నే వెంచరు మ్యాపు మీద ముప్పై తొమ్మిది ఎర్ర 'సోల్డ్' స్టిక్కర్లు అంటించాను. ట్రాన్స్‌ఫార్మర్ కింది ప్లాటు ఒక్కటే వదిలాను, ముందు దాన్ని వదిలించుకుందామని. బేరం లేదు, బయానా లేదు, స్టిక్కరు మాత్రం సోల్డు!

పది గంటలకి మాచర్ల నుంచి సుభానీ అనే లారీ మెకానిక్ వచ్చాడు.

"అన్నదమ్ములం ముగ్గురం సార్. పక్కపక్కనే మూడు కావాల. బయానా ఇప్పుడే ఇస్తా."

మూడు! నా గుండె ట్రాక్టరులా కొట్టుకుంది. ఆయన మ్యాపు వైపు చూశాడు.

"ఒకటే మిగిలిందేంది సార్?"

"అంటే... పక్కవి రెండూ క్యాన్సిలయ్యేట్టున్నాయి భాయ్. కొన్నవాళ్లు లేరు... అంటే, ఊళ్లో లేరు."

"వద్దు సార్. ఒకరు మనసుపడి కొనుక్కున్న జాగా మీద కన్నేశానంటే మా అమ్మ నన్ను గడప తొక్కనియ్యదు."

నిజం చెబుదామంటే పరువు అడ్డొచ్చింది. ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నేను గోళ్లతో స్టిక్కర్లు గీకాను. అత్తారింట్లో కొత్తల్లుడిలా ఒక్కటీ కదల్లేదు. మ్యాపు మాత్రం చిరిగింది. పోనీ, పరువు పోయినా సరే నిజం చెప్పేద్దామని ఆయన వెంట రోడ్డు మీదికి పరుగెత్తాను.

అప్పటికే సుభానీ రోడ్డవతల వేరేవాళ్ల వెంచరు ఆఫీసులోంచి రసీదు పట్టుకుని వస్తున్నాడు.

"సార్! మీ దగ్గర అన్నీ అయిపోయినయ్యని ఇక్కడ చెప్పా. అంతే, ఉన్నోళ్లంతా ఎగబడ్డారు. చానా కష్టమ్మీద మూడు పట్టా. అంతా మీ పుణ్యమే!" అంటూ నా నోట్లో లడ్డూ కుక్కాడు.

వెనక నుంచి బాబాయి గొంతు వినిపించింది.

"మావోడు చెప్పింది నిజమేనయ్యా. సోల్డంటే జనం ఎగబడతారంట. ఎదుటోడి ప్లాట్ల మీద!"

కనుక మహాజనులారా, నాలుగు క్వింటాళ్ల పత్తి తీసిన ఈ చేతులు జోడించి ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక మీదట ఏదైనా నిజంగా అమ్ముడుపోయినా సరే, కొన్నవాడు వచ్చి తన నోటితో చెప్పేదాకా నేను మాత్రం 'సోల్డ్' అనను.