బూబమ్మ చూపించిన బెల్టు గ్రైండరు

నిన్న పొద్దున గ్రైండరుకు కొత్త బెల్టు ఎక్కించాను. స్విచ్చి వేసి కత్తిని ఆనించగానే గుప్పున వాసన లేచింది. బెల్టులోని జిగురు వేడెక్కిన వాసన, దానితో కలిసిన కాలిన ఇనుము వాసన. రోజూ పీల్చేదే కాబట్టి మామూలుగా ముక్కుకు తెలియదు. కొత్త బెల్టు వేసిన రోజు మాత్రం గొంతు దాకా తగులుతుంది. అలా తగిలినప్పుడల్లా నాకు బూబమ్మ గుర్తుకొస్తుంది. నిన్న కూడా మిషను ఆపేసి, షెడ్డు రేకుల మీద వాన చప్పుడు వింటూ కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆమె అసలు పేరు మహబూబ్‌బీ. ఖమ్మంలో పాత మిషన్ల దుకాణం నడిపేది. మోటార్లు, డ్రిల్లింగు మిషన్లు, పిండిగిర్నీ చక్రాలు, పనికిరాని వెల్డింగు సెట్లు గుట్టలుగా పడి ఉండేవి. వాటి మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కొంగు తల మీదికి లాక్కుని, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో ఒక సన్నటి ముసలావిడ కూర్చుని ఉండేది. మొదటిసారి వచ్చినవాళ్ళు యజమాని ఎక్కడని ఆమెనే అడిగేవారు. వచ్చి కూర్చోమని చెప్పి, వాళ్ళు చాయ్ తాగేదాకా ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది కాదు.

మాది తల్లాడ దగ్గర ఊరు, కమ్మరి ఇల్లు. నాన్న కొలిమిలో కొడవళ్ళు, గొడ్డళ్ళు, వెదురు చీల్చే కత్తులు తయారయ్యేవి. నేను ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని ఖమ్మంలో ఒక షెడ్డులో చేరిన ఏడాదే నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. కొలిమి ఒకసారి చల్లారితే మళ్ళీ వెలిగించేవాళ్ళు మా ఇంట్లో లేరు. పని మానేసి వచ్చి నేనే సుత్తి పట్టాను. నాన్న తన మంచం కొలిమి పక్కనే వేయించుకుని, ఇనుము ఎప్పుడు బయటికి తియ్యాలో ఎడమచేత్తో సైగ చేసేవాడు. ఆడపిల్ల సమ్మెట ఎత్తడం చూడటానికి మొదట్లో దారిన పోయేవాళ్ళు ఆగేవారు. కొన్నాళ్ళకు వాళ్ళకూ విసుగొచ్చి ఆగడం మానేశారు.

కోత మిషన్లు వచ్చాక కొడవళ్ళ గిరాకీ పడిపోయింది. అందుకని లారీ కమాను పట్టీలు కొని తెచ్చి మాంసం కోసే కత్తులు చేయడం మొదలుపెట్టాను. ఖమ్మంలో మటన్ కొట్టు నడిపే జానీ భాయ్ ఒకటి తీసుకెళ్ళి నెల వాడి చూశాడు. బక్రీదుకు తనకూ తన చుట్టాలకూ కలిపి పెద్ద ఆర్డరే ఇస్తానని, పండగకు ముందే కావాలని కబురు పెట్టాడు. ఆ ఆర్డరు నిలబడితే కొలిమి నిలబడుతుంది. సాగగొట్టడం వరకు చేయగలను. ఆ తరువాత ఒక్కో కత్తినీ ఆకురాయితో రాకి వాలు తీసి నునుపు చేసేసరికి రోజంతా గడిచిపోయేది. మణికట్టు వాచి అన్నం ముద్ద ఎత్తడం కూడా కష్టమయ్యేది. ఉప్పుకాగితం లాంటి గరుకు పట్టీ రెండు చక్రాల మీద తిరిగే బెల్టు గ్రైండరు ఉంటే అదే పని భోజనం వేళకల్లా అయిపోతుంది. కొత్తది కొనే తాహతు లేదు. ఫోనులో పాతవి కనిపించేవి కాని, మిషను చూపించకుండానే ముందు డబ్బు పంపమనేవాళ్ళే ఎక్కువ. అలా వెతుక్కుంటూ బూబమ్మ దుకాణానికి వెళ్ళాను.

అక్కడ గుమ్మంలోనే ఒక బెల్టు గ్రైండరు కనిపించింది. కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. నాకు అందే ధరలోనే వస్తుందనిపించింది. సంచిలో డబ్బు కూడా తెచ్చుకున్నాను. బూబమ్మ నా వైపు, నా వాచిన మణికట్టు వైపు చూసింది.

"ఇది నీకియ్య బిడ్డా" అంది. "రంగు కింద పగులున్నది. విప్పి ముక్కలకు అమ్ముత. నువ్వు రోజూ దీని ముందు నిలబడేదానివి. ముక్క ఇరిగి మీదికెగిరితే ఏం గావాలె?"

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఆమె అది చూడనట్టే, నువ్వు చేసిన కత్తి ఏదైనా ఉంటే చూపించమంది. తీసి ఇచ్చాను. కూరకని తెచ్చుకున్న ఉల్లిగడ్డను దానితో కోసి, పదును బాగుందని ఒప్పుకుంది. తరువాత ఆర్డరు జానీదని విని, పిడి పట్టుకుని తిప్పి చూసి, దీన్ని నీ చేతికి చేసుకున్నావు, జానీ చెయ్యి ఎప్పుడైనా చూశావా, రొట్టెల పీట లెక్కుంటది అని నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బాలోని అన్నం, పప్పుచారు ఇద్దరం పంచుకున్నాం. ఇంటికి వచ్చాక చేసిన ప్రతి పిడినీ కాస్త లావుగా చేశాను.

ఆ తరువాత ఖమ్మం వెళ్ళిన ప్రతిసారీ ఆమె దగ్గర ఆగేదాన్ని. కరెంటు లేకుండా చక్రాన్ని చేత్తో తిప్పి, ఎక్కడ గరగర మంటుందో వినమనేది. మోటారు మీద అరచెయ్యి ఆనించి వణుకు చూడమనేది. ఇవన్నీ నేర్పుతున్నానని ఎప్పుడూ అనలేదు. ఇటు రా, ఇది జర పట్టుకో అని పని చెప్పినట్టే చెప్పేది. పండగ దగ్గర పడుతోందని నేను గుర్తు చేస్తే, అవ్, నాకూ పండగే గదా అనేది.

ఒక రోజు ఆమె నుంచి ఫోను వచ్చింది. పినపాక అవతల ఒక ఊళ్ళో మిషను ఉందని, రేపే వెళ్దామని. పాతవి కొనేచోటికి సాధారణంగా ఆమె కుర్రాళ్ళను పంపేది. ఈసారి తనే బయలుదేరింది. మణుగూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యాక చాలాసేపు బయటికి చూస్తూ ఉండిపోయింది. అసలు ఈ వ్యాపారంలోకి ఎలా వచ్చావని నేను అడిగాను. అప్పుడు భర్త ఉస్మాన్ సంగతి చెప్పింది. దుకాణం ఆయనదే. ఆయన పోయాక, భార్య ఇల్లు కదలకుండా ఉండే ఇద్దత్ రోజుల్లో, ఇద్దరు మనుషులు సామానంతా కొంటామని ఇంటికొచ్చారట.

"ఒకడు ఆయన పనిముట్ల డబ్బాను కాలుతోని జరిపిండు. ఇదంత తుక్కే అన్నడు" అంది బూబమ్మ. "నేను పరదా ఎనక కూసొని ఇన్న. మనిషి పోయిండు, ఆయన చెయ్యి ఇంక దానిమీద ఉన్నట్టే ఉన్నది నాకు."

ఇద్దత్ తీరగానే తాళంచెవులు తీసుకుని దుకాణం తెరిచిందట. మోటారంటే ఏమిటో అప్పటికి ఆమెకు తెలియదు. ఆ ఒక్క మాట చెప్పి మళ్ళీ అడవి వైపు తిరిగింది.

మిషను గలాయన పేరు నర్సయ్య. ఒకప్పుడు మణుగూరులో వెల్డరుగా చేసి, ఆ పని మానేశాక ఇంటి వెనక పాకలో సొంతంగా గ్రైండరు కట్టుకున్నాడు. పిండిగిర్నీ మోటారు, తనే చెక్కించిన చక్రాలు. చుట్టుపక్కల అడవి పల్లెల గొడ్డళ్ళు, కత్తులు అన్నీ ఆ పాకలోనే సాన పట్టేవాడు. ఇప్పుడు చేతులు రెండూ ఆగకుండా వణుకుతున్నాయి. ఒకసారి వేలు బెల్టుకు తగిలి చెక్కుకుపోయింది. ఆ భయంతోనే ఆయన కోడలు సునీత బూబమ్మకు ఫోను చేసింది. మామకు మాత్రం మేము వచ్చేదాకా చెప్పలేదు.

"అమ్మేది లేదు" అన్నాడాయన మంచం మీద నుంచి లేవకుండా. "ఎవరు పిలిచిన్రో వాళ్ళతోనే మాట్లాడుకోన్రి."

సునీత తల దించుకుంది. బూబమ్మ ఏమీ నొచ్చుకోలేదు. ఈ పిల్ల తల్లాడ దగ్గర కమ్మరి బిడ్డ, ఆకురాయితో చేతులు పాడు చేసుకుంటోంది, మిషను మీద కత్తి ఎలా పట్టాలో ఒకసారి చూపించన్నా అని అడిగింది. ఆయన నా మణికట్టు వైపు చూశాడు. తరువాత లేచి పాకలోకి నడిచాడు. మిషను మీద కప్పిన పాత దుప్పటిని ఆయనే తీశాడు. నేను చక్రాన్ని చేత్తో తిప్పాను. ఎక్కడా గరగర లేదు.

సంచిలోంచి వాలు తియ్యని కత్తి ఒకటి తీశాను. స్విచ్చి వేశాక ఆయన నా వెనక నిలబడ్డాడు. వేళ్ళతో పట్టుకోలేడు కాబట్టి తన మోచేతులతో నా మోచేతులను నా పక్కటెముకలకు ఆనించాడు. "చేతులు కదపకు. నడుముతోని కదులు. ఒత్తకు, దాని పని అది చేసుకుంటది" అన్నాడు. నిప్పురవ్వలు సన్నటి ధారగా కిందికి పడ్డాయి. రెండు మూడుసార్లు తప్పు చేశాను. కత్తి వాలు తేరేసరికి ఆయన ముఖంలో మొదటి చిరాకు లేదు. కత్తి తీసుకుని వణుకుతున్న బొటనవేలితో అంచును అడ్డంగా తడిమి, బాగుందన్నట్టు తలూపాడు. ఇక అడగడమే తరువాయి అనుకున్నాను. బూబమ్మ చెప్పులు వేసుకుంది. ఆ కత్తి అన్న దగ్గరే ఉంచు, ఇక పోదాం, బస్సు దొరకదు అంది.

బస్టాపు దాకా ఆమె వెనకే నడిచాను. అక్కడ మాత్రం ఆగలేకపోయాను. ఎందుకు అడగలేదు, ఆయన ఇచ్చేవాడు కదా అన్నాను.

"ఇచ్చేటోడే. కోడలి మొహం చూసి ఇచ్చేటోడు" అంది. "రేపటి నుంచి ఆ ఖాళీ పాక ఎట్ల చూస్తడు బిడ్డా? ఆయనంతట ఆయన ఇయ్యాలె. ఇయ్యకపోతే మనది గాదు."

పండగ మనకోసం ఆగదు కదా అన్నాను. నిజంగానే పండగ ఆగలేదు. ఆకురాయితోనే పగలంతా రాకి సగం కత్తులే ఇవ్వగలిగాను. జానీ భాయ్ కోప్పడలేదు కాని, మిగతావి ఇంకోచోట కొనుక్కున్నాడు. ఆ సగం పోయిన బాధ నాకు చాలా రోజులు ఉంది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం ఉంటుంది.

పండగ దాటిన తరువాత, ఎండ మండే ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. వెనక తాళ్ళతో కట్టి, దుప్పటి కప్పి, గ్రైండరు. దాని పక్కనే స్టూలు వేసుకుని, ఒక చెయ్యి దానిమీద పెట్టుకుని నర్సయ్య. డ్రైవరు పక్కన సునీత. ఆ కత్తితోనే ఇంట్లో కూరగాయలు కోస్తున్నామని, రోజూ దాన్ని చూసి మామ ఏదో ఆలోచించేవాడని, తెల్లవారుతూనే ఆటో పిలవమన్నాడని ఆమె చెప్పింది. ధర కూడా ఆయనే చెప్పాడు. నేను భయపడినంత లేదు. కొంత అప్పుడిచ్చి మిగతాది పంటలప్పుడు రైతుల దగ్గర నా బాకీలు వచ్చాక ఇస్తానంటే సరేనన్నాడు.

మిషనును ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటు నుంచి రావాలి అన్నీ ఆయన చెబితే నేను బిగించాను. పని అయ్యాక నర్సయ్య వచ్చి నాన్న పక్కన, ఆ మంచం మీదే కూర్చున్నాడు. ఒకరికి చెయ్యి లేవదు, ఒకరికి చెయ్యి ఆగదు. నాన్న ముద్దమాటల్లో ఏదో అన్నాడు. మాకెవరికీ అర్థం కాలేదు. నర్సయ్య మాత్రం అవ్, నిజమే అన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరూ నేను పని చేయడం చూస్తూ కూర్చున్నారు. నాన్న జబ్బు పడ్డాక ఇంకొకరి భుజం మీద చెయ్యి వేయడం నేను ఆ రోజే చూశాను.

మర్నాడు బూబమ్మకు చెప్పడానికి వెళ్ళాను. ఆమె విని, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, "మరి నా కమీషన్? దుకాణం నడవాలె గదా" అంది. ఇచ్చాను. తీసుకుని, చాయ్ తెప్పించింది.

తరువాత ఆమె చాలాసార్లు మా షెడ్డుకు వచ్చింది. నాన్న పోయినప్పుడు వచ్చి, కొలిమి దగ్గర పొద్దంతా కూర్చుంది. పోయిన ఏడాది ఆమెకు గుండె జబ్బు ముదిరింది. దవాఖానాకు చూడటానికి వెళ్తే, మంచం చక్రం కిర్రుమంటోందని, నూనె వెయ్యమంటే నర్సు వినడం లేదని నాకు ఫిర్యాదు చేసింది. నేను బయటికి వెళ్ళి నూనె తెచ్చి వేశాను. మంచాన్ని అటూ ఇటూ జరిపించి విని, "ఇప్పుడు బాగున్నది" అంది. ఆమె నాతో అన్న చివరి మాట అదే. దుకాణాన్ని ఇప్పుడు ఆమె కూతురు చూసుకుంటోంది.

మొన్నీమధ్య కల్లూరు దగ్గర ఒక కమ్మరాయన చనిపోతే, కాలిన ఇనుము పెట్టి కొట్టే ఆయన దాగలిని అమ్ముతారని తెలిసి వెళ్ళాను. మంచి దాగలి. నాకు చాలా అవసరం కూడా. ఆయన భార్య దాన్ని చూపించడానికి వాకిట్లోకి తీసుకెళ్ళి, ముందు దాని మీది దుమ్మును కొంగుతో తుడిచింది. నేను ధర అడగలేదు. ఆయన ఏ పని బాగా చేసేవాడని అడిగాను. ఆమె మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. బండి చక్రాలకు పట్టాలు వేయడంలో ఆయన తరువాతే ఎవరైనా అని మొదలుపెట్టి, పెళ్ళైన కొత్తలో కొలిమి తిత్తి తనే ఊదేదాన్నని, నిప్పురవ్వ పడి పట్టుచీర కాలిపోతే ఆయన నవ్వాడని, ఎండ వాకిలి దాటేదాకా చెప్పింది. నేను లేచేటప్పుడు, ఇంకొన్నాళ్ళు ఉండనిస్త బిడ్డా, ఏమనుకోకు అంది. మీకు ఎప్పుడు తోస్తే అప్పుడే కబురు చెయ్యండి అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి, అప్పుడే ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు కాగితంలో చుట్టి తెచ్చి నా సంచిలో పెట్టింది.

తల్లాడ బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాగలి దొరకలేదు. ఊరు వచ్చేదాకా ఆ పొత్తులు వెచ్చగా తగులుతూనే ఉన్నాయి.